మెమో రాసే ముందు ఆ ట్రే చూడండి

నల్గొండ పట్టణంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆడవాళ్ల మెడికల్ వార్డుకు ఇన్‌చార్జిగా ఉన్న సిస్టర్ ఒకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. జి.ఎన్.ఎం. (నర్సింగ్ డిప్లొమా) చదివి, చాలా ఏళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసి, కిందటేడే ఇన్‌చార్జి అయ్యారు. వార్డులో 32 పడకలు, రాత్రి డ్యూటీకి ఇద్దరే నర్సులు. రెండు వారాల క్రితం ఒక తెల్లవారుజామున నాలుగున్నరకు, నిడమనూరు వైపు పల్లె నుంచి వచ్చి చేరిన 58 ఏళ్ల రోగి ఒళ్లంతా చెమటతో తడిసి, పిలిచినా పలకకుండా పడి ఉండటం చూసి, మంచం పక్కన పడుకున్న కూతురు కేక వేసింది. వేలి నుంచి రక్తం తీసి చూస్తే షుగర్ 38, ప్రమాదకరమైనంత తక్కువ. డ్యూటీ డాక్టరు వచ్చి 25 శాతం డెక్స్‌ట్రోస్ (గ్లూకోజు) ఎక్కించాక తెలివి వచ్చింది. ఉదయం తొమ్మిదింటికి మళ్లీ 61కి, మధ్యాహ్నం 66కి పడితే సాయంత్రం దాకా డ్రిప్ నడిపించారు. మూడో రోజు ఆమె ఇంటికి వెళ్లింది.

ముందు రాత్రి తొమ్మిదిన్నరకు ఆమెకు గ్లార్జిన్ అనే, రోజంతా మెల్లగా పనిచేసే ఇన్సులిన్ 18 యూనిట్లు ఇచ్చినట్టు చార్టులో సంతకం ఉంది. డాక్టరు రాసిందీ 18 యూనిట్లే. ఇచ్చింది అచ్చంపేట నుంచి వచ్చి, ఉద్యోగంలో చేరి ఐదు నెలలైన అమ్మాయి. “పద్దెనిమిది గీత దాకనే గుంజిన సిస్టర్, ఒక్క గీత కూడ ఎక్కువ గుంజలే” అని ఏడుస్తూ ఆ ఒక్క మాటే చెబుతోందట. యాజమాన్యం ఆమెకు మెమో ఇచ్చి, వారం జీతం కోసి, క్షమాపణ పత్రం రాయించుకుని ఫైలు మూసేయమంటోంది. “చిన్నపిల్లను కాపాడబోయి నీ మీదికి తెచ్చుకోకు” అని నర్సింగ్ సూపరింటెండెంట్ సలహా. రోగి అల్లుడు రెండుసార్లు ఫోన్ చేసి అసలేం జరిగిందని అడిగితే, ఏం చెప్పాలో తోచక డాక్టరు గారిని అడగమన్నారు ఈమె.

ఉత్తరం చివర, దాదాపు మర్చిపోయి గుర్తు తెచ్చుకున్నట్టుగా, ఇంకో రెండు సంగతులు రాశారు. “గ్లార్జిన్ ఇంతకుముందు పెన్నుతో (ఇన్సులిన్ నింపి ఉండే పెన్ను లాంటి సూది) ఇచ్చేవాళ్లం. పెన్నులు స్టాకు లేవని పోయిన నెల నుంచి ఫార్మసీ వైల్ (సిరంజితో లాగే చిన్న సీసా) పంపుతోంది. అది తప్ప వార్డులో ఏమీ మారలేదు, సిరంజిలు కూడా ఎప్పుడూ వాడేవే.” ఈ నెలలోనే ఇంకో ఇద్దరు రోగులకు పొద్దున్నే షుగర్ తగ్గిందని, రాత్రి సరిగా తినలేదేమో అనుకుని వదిలేశామని కూడా రాశారు.

ఆమె అడుగుతున్నవి మూడు. మెమో ఇవ్వాలా, వద్దా? “నువ్వు లీడర్‌వి, నువ్వే ఆలోచించు అంటారు. క్రిటికల్ థింకింగ్ మీద ఒకరోజు క్లాసు కూడా పెట్టారు, స్లైడ్లన్నీ ఇంగ్లిషులోనే, మా వార్డు సంగతి అందులో ఎక్కడా లేదు. అసలు ఎట్లా ఆలోచించాలో చెప్పండి.” చివరిది, ఈ బాధ్యత వదిలేసి మళ్లీ స్టాఫ్ నర్సుగా వెళ్లిపోతే తప్పా?

అమ్మా,

మీరు అడిగిన మూడింటికీ సమాధానం రాస్తాను. వాటికంటే ముందు మీరు అడగని పని ఒకటి ఉంది, దాన్ని ఈ పూటే చేయండి. ఆ నిడమనూరు రోగి ఇంటికి ఫోన్ చేసి, ఆమెకు ఇంట్లో ఇన్సులిన్ దేనితో ఇస్తున్నారో కనుక్కోండి. డిశ్చార్జ్ రోజున చేతికి గ్లార్జిన్ వైల్ ఇచ్చి పంపి ఉంటే, సిరంజిని వాళ్లు ఊళ్లో మెడికల్ షాపులో కొనుక్కుని ఉంటారు. షాపువాడు మామూలుగా అమ్ముడుపోయే ఎర్ర మూత సిరంజి ఇచ్చి ఉంటే, మీ వార్డులో ఒక రాత్రి జరిగిందని నేను అనుమానిస్తున్నది ఆ ఇంట్లో రోజూ జరుగుతూ ఉండవచ్చు.

నా అనుమానం ఏమిటో చెబుతాను. మన దగ్గర ఇన్సులిన్ వైల్స్ రెండు బలాల్లో దొరుకుతాయి, మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, మిల్లీలీటరుకు 100 యూనిట్లవి. రెగ్యులర్ (త్వరగా పనిచేసే ఇన్సులిన్), 30/70 (రెండు రకాలు కలిపిన ఇన్సులిన్) వైల్స్ వార్డుల్లో ఎక్కువగా 40వి. వాటికి ఎర్ర మూత సిరంజి. 100 వైల్‌కు నారింజ రంగు మూత సిరంజి వేరే ఉంటుంది. పెన్నులో ఉండే ఇన్సులిన్ మామూలుగా 100 బలానిదే అయినా, డోసు లెక్క పెన్నే చూసుకుంటుంది కాబట్టి ఇన్నాళ్లూ మీ నర్సులకు ఆ తేడా పట్టించుకోవలసిన అవసరం రాలేదు. గ్లార్జిన్ వైల్ మీద 100 అని ఉండి, ట్రేలో ఉన్నవి “ఎప్పుడూ వాడే” ఎర్ర మూత సిరంజిలే అయితే, 18వ గీత దాకా లాగితే వచ్చేది 0.45 మిల్లీలీటరు. అందులో ఉండేది 45 యూనిట్లు. రాసినదానికి రెండున్నర రెట్లు. అంటే ఆ అమ్మాయి చెబుతున్నది అక్షరాలా నిజం కావచ్చు, డాక్టరు రాసింది సరే కావచ్చు, చార్టులో సంతకం సరే కావచ్చు, అయినా రోగికి షుగర్ 38కి పడిపోవచ్చు. “ఏమీ మారలేదు, సిరంజిలు కూడా ఎప్పుడూ వాడేవే” అని మీరు ధైర్యం కోసం రాసుకున్న మాటలోనే నాకు చిక్కు కనిపించింది. వైల్ మారినప్పుడు సిరంజి కూడా మారాలి, మారలేదు.

కానీ నేను ఉత్తరం చదివి మాట్లాడుతున్నాను, మీరు ఆ వార్డులో నిలబడి ఉన్నారు. నచ్చిన కారణం ఒకటి దొరకగానే మిగతావాటిని చూడటం మానేస్తే, “పిల్ల పొరపాటు” అని తేల్చేసిన యాజమాన్యానికీ మనకూ తేడా ఉండదు. అందుకని ఇదే ఫలితం ఇవ్వగల మిగతా కారణాలను కూడా పక్కన పెట్టుకుని, ప్రతిదాన్నీ ఒకే ప్రశ్న అడగండి: ఇదే జరిగి ఉంటే వార్డులో ఇంకేం కనిపించి ఉండాలి?

గ్లార్జిన్ బదులు పొరపాటున రెగ్యులర్ ఇన్సులిన్ లాగిందనుకుందాం. రెండూ నీళ్లలా తేటగానే ఉంటాయి కాబట్టి అసాధ్యమేమీ కాదు. అయితే రెగ్యులర్ తన బలమంతా రెండు నుంచి నాలుగు గంటల్లో చూపిస్తుంది, ఆరెనిమిది గంటల్లో దాని పని అయిపోతుంది. తొమ్మిదిన్నరకు ఇస్తే అర్ధరాత్రి ప్రాంతంలోనే రోగి చెమటలు పట్టి లేచి ఉండాలి, మరునాడు మధ్యాహ్నం దాకా షుగర్ పడుతూ ఉండకూడదు. సాయంత్రం డ్యూటీ నర్సు ఒకసారి, రాత్రి నర్సు ఇంకోసారి ఇచ్చి ఉండవచ్చునంటారా, అది సాయంత్రం డ్యూటీ అమ్మాయిని కూర్చోబెట్టి మెల్లగా అడిగితే తేలే సంగతి. రోగి కిడ్నీలు బాగా లేకపోతే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, కేస్ షీట్‌లో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడండి. రాత్రి అన్నం మాట కూతురికి తెలుస్తుంది. తినకపోవడం షుగర్‌ను తగ్గిస్తుంది, నిజమే. కానీ ఇంట్లో ఇదే 18 యూనిట్లు తీసుకుంటున్న మనిషి ఒక పూట తక్కువ తిన్నందుకే 38కి పడి, ఎక్కించిన గ్లూకోజును కూడా మింగేసి మళ్లీ మళ్లీ పడటం నాకంత తేలిగ్గా నమ్మబుద్ధి కాదు.

గట్టిగా పోటీకి నిలిచే కారణం ఇంకొకటి ఉంది. ఇంటి నుంచి తెచ్చుకున్న గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్ర. ఆసుపత్రిలో సూది వేస్తున్నా, అలవాటైన మాత్ర మానితే ఏమవుతుందోనని కొంగుకు ముడేసుకున్న స్ట్రిప్‌లోంచి ఒకటి తీసి మింగే పెద్దవాళ్లను మీరూ చూసే ఉంటారు. ఆ మాత్ర కూడా గంటల తరబడి షుగర్‌ను లేవనివ్వదు, అంటే ఆ రోజు మీరు చూసిన లక్షణాలన్నీ దానికీ సరిపోతాయి. కాబట్టి ఈ ఒక్క రోగి కథతో మాత్రనా, సిరంజినా అని తేల్చలేం.

తేల్చగలిగేది ఆ మిగతా ఇద్దరు. వాళ్ల కేస్ షీట్లు రికార్డు రూం నుంచి తెప్పించి, ముందు రాత్రి వాళ్లకు గ్లార్జిన్ వైల్ నుంచి ఇచ్చారా లేదా చూడండి. ఇద్దరికీ ఇచ్చి ఉంటే సందేహం సిరంజి వైపు బాగా మొగ్గుతుంది. ఇద్దరికీ గ్లార్జిన్ అసలే లేకపోతే నా లెక్క తప్పు, మీరు వేరే దారిలో వెతకాలి. దానితోపాటు ఫార్మసీ ఇండెంట్ పుస్తకం (వార్డు తెప్పించుకున్న మందుల లెక్క) కూడా తిరగేయండి. 10 మిల్లీలీటర్ల వైల్‌లో 1000 యూనిట్లు ఉంటాయి. చార్టుల్లో ఇచ్చినట్టు రాసిన యూనిట్లు కూడితే ఎన్ని వైల్స్ అయిపోవాలో, నిజానికి ఎన్ని అయిపోయాయో పోల్చి చూస్తే, వేస్టేజీ తీసేసినా తేడా కంటికి కనబడుతుంది. కేస్ షీట్లు, ఇండెంట్ పుస్తకం కలిపి అరపూట పని. వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇంకో పరీక్ష చెబుతాను, ఈ సమాధానం మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది అదే. ఆ రాత్రి డ్యూటీలో లేని ముగ్గురు నర్సులను, ఒకరి తరువాత ఒకరిని, వార్డు బయట ఒక గదిలోకి పిలవండి. బల్ల మీద మీ మామూలు ట్రే, ఖాళీ అయిన గ్లార్జిన్ వైల్‌లో డిస్టిల్డ్ వాటర్ పెట్టి, “18 యూనిట్లు లాగి చూపించమ్మా” అనండి, అంతకుమించి ఏమీ చెప్పకండి. చేతిని గమనించండి: వైల్‌ను తిప్పి 100 అంకె చదువుతుందా, సిరంజి మూత రంగు చూస్తుందా, “ఈ సిరంజి దీనికి కాదు సిస్టర్” అని ఆగుతుందా. పని కాగానే ఆ వైల్‌ను మీ చేత్తోనే పారేయండి. నీళ్లు నింపిన ఇన్సులిన్ వైల్ పొరపాటున వార్డు ఫ్రిజ్‌లోకి పోతే ఈసారి ఉత్తరం ఇంకో సంగతి మీద రాయవలసి వస్తుంది. ముగ్గురిలో ఇద్దరు ఎర్ర మూత సిరంజే తీసుకుంటే, ఆ రాత్రి డ్యూటీలో ఎవరున్నా అదే జరిగి ఉండేదని మీ దగ్గర రుజువు ఉన్నట్టే. ముగ్గురూ ఆగి నారింజ మూత సిరంజి అడిగితే, మీ అమ్మాయికి తెలియనిది మిగతావాళ్లకు తెలుసన్నమాట, అప్పుడు ఆమెకు నేర్పవలసిన బాకీ మీకుంది. “పెన్ను పోయి వైల్ వచ్చింది, సిరంజి మార్చు” అని ముందే చెప్పి, సంతకం తీసుకుని, అయినా ఆమె నిర్లక్ష్యం చేసి ఉంటే మాత్రం మెమో న్యాయమే. ఈ మూడింటిలో ఏది నిజమో తెలియకుండా రాసే మెమోతో రేపటి రాత్రి ఏ రోగికీ భద్రత రాదు.

ఇక మీ మొదటి ప్రశ్న. మీ ముందు దారులు కొన్ని ఉన్నాయి, ఏదీ ఉచితంగా రాదు.

చెప్పినట్టు మెమో ఇచ్చేయవచ్చు. యాజమాన్యం సంతోషిస్తుంది, ఫైలు మూతపడుతుంది. ఎర్ర మూత సిరంజిలు మాత్రం ట్రేలోనే ఉంటాయి. వారం జీతం పోయిన సంగతి హాస్టల్‌లో ఆ రాత్రికే అందరికీ తెలుస్తుంది. ఆ తరువాత పొరపాటున డోసు మారిందని అనుమానం వచ్చిన ఏ అమ్మాయీ మీ దగ్గరికి వచ్చి చెప్పదు, గ్లూకోజు తాగించి నోరు మూసుకుంటుంది. మీకు తెలియకుండా జరిగేవి పెరుగుతాయి, రిపోర్టులో మాత్రం వార్డు చల్లగా కనిపిస్తుంది. పైగా రేపు అసలు కారణం బయటపడితే, తప్పుడు నిర్ధారణ మీద ఉండేది మీ సంతకమే.

మెమో ఇవ్వనని మొండికేయవచ్చు. మనసుకు హాయిగా ఉంటుంది గానీ, చేతిలో కాగితం లేకుండా ఆ మాట అంటే “ఈమె పిల్లల పక్షం” అనే ముద్ర పడుతుంది, ఆ అమ్మాయి నిర్దోషి అని కూడా ఎక్కడా తేలదు. నాకు ఈ దారి అంతగా నచ్చదు.

మూడోది, వారం రోజులు గడువు అడగడం. “సార్, మెమో ఇవ్వనని అనడం లేదు. అదే ఇన్సులిన్ మీద ఈ నెలలో మరో ఇద్దరికి కూడా షుగర్ పడిపోయి ఉండవచ్చు, ఒక నర్సుకు మెమో ఇస్తే నాలుగోది ఆగకపోవచ్చు. వారంలో రాతపూర్వకంగా రిపోర్టు ఇస్తాను” అని చెప్పండి. జాలి మాటల కంటే ఈ మాట యాజమాన్యం చెవికి బాగా ఎక్కుతుంది, నాలుగో రోగి భయం వాళ్లకూ ఉంటుంది. ఆసుపత్రికి ఎన్.ఏ.బి.హెచ్. (ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్నా, దానికోసం ప్రయత్నిస్తున్నా, మందుల పొరపాట్లను నమోదు చేసి విశ్లేషించే పద్ధతి ఉండి తీరాలి కాబట్టి క్వాలిటీ చూసేవారిని మీతో కలుపుకోండి. ఈ గడువులో ఆ అమ్మాయి దగ్గర తీసుకోవలసింది క్షమాపణ పత్రం కాదు, జరిగింది జరిగినట్టు వివరణ. అదే వివరణ సాయంత్రం డ్యూటీ నర్సు, ఫార్మసిస్టు, మీరు కూడా రాయండి. వైల్ మారిన రోజు వార్డుకు ఆ కబురు ఎవరు చెప్పాలి, ఎవరు చెప్పారు అన్న ప్రశ్నకు జవాబులో మీ పేరు కూడా రావచ్చు, దానికి సిద్ధపడండి. ఈ దారిలో ఇబ్బంది ఏమిటంటే, వేలు ఫార్మసీ కొనుగోళ్ల వైపు తిరుగుతుంది, అక్కడ కూర్చున్నవాళ్లకు అది నచ్చదు. గడువు దొరకకపోతే, మెమో మీద సంతకం పెట్టే ముందు మీకు తెలిసిన వాస్తవాలు, వైల్, సిరంజి, ఆ ఇద్దరు రోగుల సంగతి, తేదీలతో ఒక నోట్ రాసి ఇచ్చి నకలు దగ్గర ఉంచుకోండి. ఉద్యోగం మీద ఎంత ఆధారపడి ఉన్నారో మీకే తెలుసు కాబట్టి అంతకుమించి పట్టుబట్టమని నేను చెప్పను.

ఏ దారి ఎంచుకున్నా, చార్టులో ఒక్క అంకె కూడా దిద్దకండి, ఎవరినీ దిద్దనివ్వకండి. ఏదైనా చేర్చవలసి వస్తే ఇవాళ్టి తేదీ, సమయం వేసి కింద కొత్తగా రాయాలి.

రోగి అల్లుడి ఫోన్ సంగతికి వస్తాను. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది కాబట్టి యాజమాన్యం భయానికి ఆధారం లేకపోలేదు. అలాగని “షుగర్ అప్పుడప్పుడు అట్లా పడుతుంది” అని సర్దిచెబితే ఆ ఇంట్లో ఏమవుతుందో ఆలోచించండి. ఇన్సులిన్ అంటేనే భయపడిపోయిన కూతురు డోసు తనే తగ్గించవచ్చు, లేదా పూర్తిగా మానిపించవచ్చు. అల్లుడికి మీరొక్కరే ఫోన్‌లో చెప్పవద్దు. వైద్యం చేసిన డాక్టరు గారితో మాట్లాడి, ఇద్దరూ కలిసి, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పండి: ఆ రాత్రి ఇన్సులిన్ అవసరమైనదానికంటే ఎక్కువ వెళ్లి ఉండవచ్చునని అనుమానిస్తున్నాం, కారణం వెతుకుతున్నాం, తేలగానే చెబుతాం, ఇంట్లో వాడవలసిన సిరంజి ఇది. డాక్టరు గారు ఒప్పుకోకపోతే కనీసం సిరంజి సంగతి చెప్పడానికి ఎవరి అభ్యంతరమూ ఉండదు, ఉన్నా ఆగవద్దు.

వార్డులో చేయవలసిన మార్పుల్లో అన్నిటికంటే తేలికైనది గోడకు “ఇన్సులిన్ ఇచ్చేటప్పుడు జాగ్రత్త” అని కాగితం అంటించడం, అన్నిటికంటే పనికిరానిదీ అదే. క్లాసు పెట్టడం అంతకంటే కొంచెం నయం, కానీ నర్సులు ఆరు నెలలకోసారి మారే ఆసుపత్రిలో క్లాసు విన్నవాళ్లు వెళ్లిపోతారు, ట్రే మాత్రం ఉండిపోతుంది. గ్లార్జిన్ వైల్‌నూ నారింజ మూత సిరంజిలనూ ఒకే డబ్బాలో పెట్టి, ఎర్ర మూత సిరంజిలు ఆ దరిదాపుల్లో లేకుండా చేయడం ఇవాళే మీ చేతిలో ఉన్న పని. ఫార్మసీ వైల్ ఇచ్చిన ప్రతిసారీ సరైన సిరంజి జతచేసి ఇవ్వాలనే ఏర్పాటు దానికంటే గట్టిది, అయితే దానికి బిల్లింగ్‌లో మార్పు కావాలి. పెన్నులు తిరిగి తెప్పించడం ఖర్చు. తెప్పిస్తే ఒక రోగి పెన్ను ఇంకొకరికి, సూది మార్చి అయినా సరే, వాడకూడదన్న నియమం గట్టిగా అమలు చేయవలసి ఉంటుంది, రక్తం ద్వారా వచ్చే జబ్బులు అలా అంటుకోగలవు. ఇద్దరు నర్సులు సరిచూడటం మంచి పద్ధతే గానీ, 32 మందికి ఇద్దరున్న చోట రెండో సంతకం నడవలో నడుస్తూ పెట్టేదిగా మారిపోతుంది. సాధారణ ఆసుపత్రుల్లో ఐదుగురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం, ఆ అంకె మీ రిపోర్టులో తప్పక రాయండి. అది వచ్చేదాకా జంట పరిశీలనను ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం క్లోరైడ్ లాంటి కొద్ది మందులకే పరిమితం చేసి, రెండో నర్సుకు జవాబు ముందే చెప్పకుండా ఆమెనే విడిగా లెక్క వేయమనండి.

ఇంకొక సంగతి, ఇది తిరగబడితే ఎవరికీ కనబడదు. 40 వైల్ నుంచి నారింజ మూత సిరంజితో 18 గీతలు లాగితే వెళ్లేది ఏడు యూనిట్లే. రోగి పడిపోడు, కేక వేయడు, షుగర్ తగ్గదంతే. డాక్టరు డోసు పెంచుతూ పోతారు. ఒకరోజు ఎవరో సరైన సిరంజి వాడతారు, అప్పుడు పడతాడు. కాబట్టి కొత్త సిరంజిలు తెచ్చాక, డోసు పెంచుతున్నా షుగర్ దిగని రోగులను కూడా ఒక కంట కనిపెట్టండి.

ఎలా ఆలోచించాలన్న మీ రెండో ప్రశ్నకు సగం జవాబు పైన మీతో కలిసి చేసేశాం. క్లాసులో స్లైడ్లు అర్థం కాలేదని బాధపడకండి, రోగి దగ్గర ఆ పని మీరు ఇన్నేళ్లుగా చేస్తున్నదే. జ్వరం అనగానే పారాసిటమాల్ వేసి వెళ్లిపోరు కదా: ఎప్పటి నుంచి, చలి ఉందా, మూత్రం మంటా, క్యాన్యులా పెట్టిన చోట ఎర్రబడిందా అని చూస్తారు, అనుకున్నది రాసుకుంటారు, మందిచ్చాక తగ్గిందా లేదా మళ్లీ చూస్తారు. నర్సింగ్ స్కూల్లో నేర్చుకున్న ఆ వరుసనే ఈసారి వార్డు మీద పెట్టాలి. మన జిల్లాలోనే మర్రిగూడ, మునుగోడు వైపు ఎముకలు వంగిపోయినవాళ్లను చూసి నడక నేర్చుకోమని ఎవరూ చెప్పలేదు, వాళ్లు తాగే నీళ్లను పరీక్షకు పంపి ఫ్లోరైడ్ సంగతి తేల్చారు. ఒకే తప్పు వేరువేరు మనుషుల చేతుల్లో జరుగుతున్నప్పుడు, వాళ్లందరికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో చూడాలి.

ఫ్లారెన్స్ నైటింగేల్ దీపం పట్టుకున్న బొమ్మ మీ స్కూల్లో గోడ మీద ఉండే ఉంటుంది. ఆమె చేతిలో దీపం కంటే ఆమె రాసుకున్న లెక్కలు ఎక్కువ ప్రాణాలు కాపాడాయని నా అభిప్రాయం. 1854లో క్రిమియా యుద్ధానికి వెళ్లి తిరిగొచ్చాక, చనిపోయిన సైనికులను నెలవారీగా, కారణం వారీగా విడదీసి 1858లో బొమ్మ గీసి చూపించింది: గాయాల వల్ల పోయినవారికంటే, నివారించగలిగిన అంటువ్యాధుల వల్ల పోయినవారే చాలా ఎక్కువ. మురుగునీటి పారుదల, గాలి వెలుతురు సంగతి ప్రభుత్వం ముందు పెట్టడానికి ఆమెకు ఆ లెక్కలే ఆధారమయ్యాయి.

మీరూ ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. పొద్దున్నుంచి రాత్రిదాకా ఒకదాని వెనక ఒకటి సర్దుతూనే ఉంటానని రాశారు. రెండు వారాలపాటు ఆ సర్దినవాటిని సమయంతో రాయండి: బెడ్‌షీట్లు రాలేదు, ల్యాబ్ రిపోర్టు ఆలస్యం, డ్రిప్ స్టాండు లేదు, అటెండెంటుతో గొడవ. తరువాత చూస్తే సగం పైగా తిరిగి తిరిగి వచ్చేవే కొన్ని ఉంటాయని నా అంచనా. వాటిలో ఒక్కదాన్ని ఎంచుకుని ఎందుకు, ఎందుకు అని వెనక్కి తవ్వండి, కానీ “ఆ అమ్మాయికి శ్రద్ధ లేదు” దగ్గర ఆగిపోవద్దు. అది కారణం కాదు, వెతకడం మానేసిన చోటు. మీరో, మీ పైవాళ్లో మార్చగలిగిన వస్తువో, వేళో, పద్ధతో తగిలినప్పుడే ఆగండి. మార్చాక మళ్లీ రెండు వారాలు లెక్క రాయండి, తగ్గకపోతే మీరు పట్టుకున్నది అసలు కారణం కాదని ఒప్పుకుని ఇంకోటి చూడండి.

బాధ్యత వదిలేయడం తప్పా అని అడిగారు. తప్పు కాదు. తిరిగి స్టాఫ్ నర్సుగా వెళితే నెలకు కొంత అలవెన్సు పోతుంది, రోగి దగ్గర గడిపే సమయం తిరిగి వస్తుంది, దాన్ని ఇష్టపడి ఎంచుకున్న మంచి నర్సులు ఎందరో ఉన్నారు. అయితే ఈ గొడవ మధ్యలో ఇప్పుడు వదిలితే, ఆ కుర్చీలోకి వచ్చేవారి మొదటి సంతకం బహుశా ఆ మెమో మీదే పడుతుంది. ఆ అమ్మాయి తరఫున మాట్లాడేవారు ఎవరూ మిగలరు, మీరు తప్పుకున్నారు కాబట్టి తప్పు మీదేనని కూడా కొందరు అనుకుంటారు. రిపోర్టు ఇచ్చాక, నోటుపుస్తకం రెండు వారాలు నిండాక మళ్లీ ఆలోచించండి. రాసుకున్నవాటిలో ఎక్కువ భాగం మీ చేతిలో లేనివే అయి, పైవాళ్లకు వినే ఉద్దేశమే లేదని తేలితే, అప్పుడు వదలడం మీ అసమర్థత కిందికి రాదు. కొన్నయినా మీ మాటతో మారుతున్నాయంటే మరో ఆరు నెలలు చూడవచ్చు. ఈలోగా ఆ అచ్చంపేట అమ్మాయికి ఒంటరిగా నైట్ డ్యూటీ వేయకండి. శిక్ష కింద కాదని ఆమెకు స్పష్టంగా చెప్పి, కొన్నాళ్లు సీనియర్ పక్కన వేయండి. భయంతో చేతులు వణుకుతున్న మనిషి చేత ఇన్సులిన్ లాగించడం రోగికీ మంచిది కాదు.